పేడనీళ్ళ మర్యాద

మా మరిది ఊరికి తిరిగొచ్చిన రోజు అతని బండిని ఆపింది నేనే. స్వాగతం చెప్పడానికి కాదు. అప్పుడు భూమి పండుగ నడుస్తోంది. విత్తనం వేయడానికి ముందు మా అడవి ఊళ్ళలో జరిగే ఈ పండుగకు ఆడవాళ్ళం రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడతాం. బస్సు రానీ, లారీ రానీ, జీపులో ఆఫీసరే రానీ, మా చేతిలో ఏదో ఒకటి పెట్టి, మాతో కలిసి కాసేపు అడుగులేసి ఆడితే తప్ప తాడు కిందికి దిగదు. ఆఫీసర్లు ఆడుతుంటే చూడాలి. చెప్పులో ముల్లు దిగినట్టు ఆడతారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. బూర్గంపాడు వైపు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. వెనక ఇనుప మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి, వల సంచిలో రెండు వాలీబాల్ బంతులు. ముందు డ్రైవరు పక్కన కూర్చున్న మనిషిని చూసి మా ఆడవాళ్ళంతా ఒక్క క్షణం తాడు మరిచిపోయారు. మా ఆయన తమ్ముడు. మా చుట్టుపక్కల వాలీబాల్ అనగానే గుర్తొచ్చే మనిషి. పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ కొట్టి చూపించమంటారు.

"తాడు దించు వదినా, ఇంటోణ్ణే," అన్నాడు.

"ఇంటోనివైతే ఏంది. పండుగకు అందరు ఒకటే. దిగి ఆడు," అన్నాను.

దిగాడు. ఆడవాళ్ళ వరసలో నిలబడి కాళ్ళు కదిపాడు. అందరం చేతులు పైకి లేపాం. అతను ఎడమ చెయ్యి ఒక్కటే లేపాడు. కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వుకున్నారు. పట్నంలో ఉండి స్టైలు నేర్చుకున్నాడనుకున్నారు. నేనూ అదే అనుకుని తాడు దించాను.

అతని సంగతి కొంచెం చెప్పాలి. అతను కుర్రవాడుగా ఉన్నప్పుడు మా ఊళ్ళో బంతి ఒక్కటే కొన్నది. మిగతాదంతా మేం చేసుకున్నదే. గోదావరిలో చేపలు పట్టి పట్టి చిరిగిన వలే ఆటకు వల. అడవి నుంచి తెచ్చిన రెండు నిట్రాళ్ళే దానికి స్తంభాలు. ఆ వల మీద నుంచి అతను ఎగిరి కొడితే బంతి నేల తాకిన చోట గుంట పడేది. గోదావరి అవతల పర్ణశాల దిక్కున మాకు పోటీ ఊరు ఒకటుంది. ఆ ఊళ్ళో ఎవరి ముక్కు వంకరగా ఉన్నా, అది మా మరిది కొట్టిన బంతి తగిలి వంకరపోయిందనే చెప్పేవారు. పుట్టుకతో వంకరున్నవాళ్ళు కూడా అదే చెప్పుకునేవారు. అందులో కొంచెం గొప్ప ఉంది కదా.

ఆ ఆట చూసి బొగ్గు కంపెనీ వాళ్ళు కొత్తగూడెం తీసుకుపోయి ఉద్యోగం ఇచ్చారు. బొగ్గు ముట్టుకునే పని లేదు, కంపెనీ తరఫున బంతి కొడితే చాలు. ఈ మాట మా అత్త చివరిదాకా నమ్మలేదు. "బంతి కొడితే జీతం ఎవడిస్తడు? నా కొడుకు ఏడనో దొంగతనం చేస్తుండు," అని ఆవిడ బెంగ. అతను పంపిన చీర కట్టుకుని పోలీసులు వస్తారేమోనని బాట వైపు చూస్తూ కూర్చునేది.

ఇక పేడనీళ్ళ సంగతి. పండుగలో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోవాలి. ఏదైనా కొట్టుకొస్తే మర్యాద. ఉత్త చేతులతో వస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్ళం కుండలతో పేడనీళ్ళు పోసి, పాటలు కట్టి తిట్టి, అప్పుడు ఇళ్ళలోకి రానిస్తాం. వదినలకూ మరదళ్ళకూ ఏడాదిలో అదే పెద్ద పండుగ. కానీ రానురాను అడవిలో జంతువులు తగ్గాయి, గార్డులు పెరిగారు. మగవాళ్ళు ప్రతి ఏడూ ఉత్త చేతులతోనే వస్తుంటే పోయడానికి మాకే విసుగు పుట్టింది. అప్పుడు పెద్దలు కూర్చుని ఒక తీర్పు చెప్పారు. పండుగ రోజు అవతలి ఊరితో బంతాట ఆడాలి. గెలిస్తే వేట దొరికినట్టు లెక్క. ఓడితే పేడనీళ్ళు.

ఆ తీర్పు వచ్చిన కొత్తలో మా మరిది ఊళ్ళోనే ఉన్నాడు. అతనున్నంత కాలం మా ఊరు ఓడలేదు. పేడ కలుపుకుని బాట పక్కన కూర్చునేవాళ్ళం. వాళ్ళు గెలిచి ఈలలు వేసుకుంటూ వచ్చేవారు. మేం ఆ నీళ్ళు మోసుకుపోయి ఇళ్ళు అలుక్కునేవాళ్ళం. మా ఊళ్ళో పేడనీళ్ళు తగలని మగవాడు అతనొక్కడే. తగల్లేదని చెప్పుకుంటూ తిరిగేవాడు కూడా. అతను కొత్తగూడెం పోయాక మిగతావాళ్ళు ఓడి తడుస్తూనే ఉన్నారు.

అలాంటి మనిషి ఉద్యోగం ముందుగానే వదిలేసి, తన వాటా చేను చేసుకుని బతుకుతానని వచ్చాడు. అతని భార్య, మా తోటికోడలు, చిన్న కూతురి చదువు అయ్యేదాకా కొత్తగూడెంలో ఉంటానంది. ముందు అతను వచ్చి, ఇక్కడ కుదురుకుంటే వాళ్ళను తెచ్చుకుంటాడు. అదీ అనుకున్నది.

మర్నాడు పొద్దున విత్తనాలు పంచారు. పూజారి ఆకుదొప్పలో విత్తనాలు పోసి ఇస్తే, రెండు చేతులా పట్టుకుని నెత్తికి ఆనించుకోవాలి. మా మరిది వంతు వచ్చింది. దొప్ప అందుకున్నాడు. చేతులు పైకి లేపలేదు. నడుము వంచి, మెడ వంచి, చేతుల దగ్గరకు నెత్తినే తెచ్చాడు.

ఊరంతా కదిలిపోయింది. "చూడుండ్రిరా, ఎంత పెద్ద ఆటగాడైనా విత్తనానికి ఎట్ల వంగిండో," అన్నాడు పూజారి. ఆ తర్వాత వచ్చిన కుర్రాళ్ళందరూ అలాగే వంగి తీసుకోవడం మొదలుపెట్టారు. ఒకడు మరీ వంగి విత్తనాలన్నీ మట్టిలో పోసుకున్నాడు. మా ఆయన తమ్ముడి వినయం చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు అనుమానం వచ్చింది. ఈ మనిషికి వినయం ఎప్పుడూ లేదు. పెళ్ళిలో మా అమ్మకు దండం పెట్టమంటే, "ఈమె ఎన్ని మ్యాచ్‌లు గెలిచింది?" అని అడిగినవాడు. అలాంటివాడికి కొత్తగూడెం గాలి తగిలి వినయం పుడుతుందా? ఆ రోజంతా కనిపెట్టాను. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు కుడి చెయ్యి దూర్చుకుని, ఎడమ చేత్తో చొక్కాను భుజం మీదికి లాక్కుంటున్నాడు. వీపు దురద పెడితే గుంజకు రాసుకుంటున్నాడు, మా గేదెలాగే. తల మీద తువ్వాలు చుట్టుకోవడానికి ఒంగి, తువ్వాల్ని మోకాళ్ళ మీద పరిచి, అందులో తల పెడుతున్నాడు.

సాయంత్రం కల్లు ముంత ముందు పెట్టి అడిగాను.

"మరిదీ, చెయ్యి ఏడిదాక లేస్తది?"

"ఏ చెయ్యి?"

"నీకు మూడున్నయా?"

నవ్వాడు. చుట్టూ చూశాడు. మా ఆయన ఇంట్లో లేడు. కుడి చెయ్యి మెల్లగా లేపాడు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు గడియకు తట్టుకున్నట్టు అక్కడే ఆగింది.

"ఒక ఫైనల్ల భుజం జారింది. సూది ఏసి ఆడిచ్చిండ్రు. గెలిచినం. ఇంకో మ్యాచ్ వచ్చింది, ఇంకో సూది. నేను గూడ వద్దనలేదు వదినా. పేరు పిలిచి చప్పట్లు కొడుతుంటే నొప్పి ఏడుంటది? ఆఖరికి దవాఖానాల కోసి కుట్టిండ్రు. కుట్టినంక గిదే."

"మరి కొలువు?"

"బొగ్గుబాయి మీద దీపాల గదిల ఏసిండ్రు. కిందికి దిగేటోళ్ళకు నెత్తి దీపాలు ఇచ్చుడు. కిటికీల కెల్లి ఇయ్యాలె, చెయ్యి మీదికి లేపే పని లేదు. మొదట్ల దీపం తీసుకుంట, 'అన్నా, ఆ రోజు ఏం కొట్టినవ్' అనేటోళ్ళు. తర్వాత 'జల్దీ ఇయ్యరాదు' అన్నరు. ఆఖరికి కొత్త పిల్లలు వచ్చిండ్రు. వాళ్ళు నా మొకం గూడ చూడలే, దీపం చూసి పోయేటోళ్ళు."

కల్లు తాగి ముంత కింద పెట్టాడు.

"ఈడ ఎవ్వరికీ తెల్వది. తెల్వకుండ ఉన్నన్ని దినాలు ఉంట. తెల్సిన్నాడు అదే ట్రాలీని మళ్ళ కిరాయికి మాట్లాడుకుంట. ఇంకో కిటికీల కూసునుడు నాతోని కాదు."

నా నోరు ఊరుకోదని మా ఊరికంతా తెలుసు.  ఈసారి మాత్రం మాటకు ముందు నా కాలు చూపించాను. బీడీలు చుట్టే తునికాకు కోయడంలో మా ఊళ్ళో నాకు సమానం లేదనేవారు. ఒక ఎండాకాలం బండ మీద జారి కాలు విరిగింది. ఆ సీజనంతా ఇంట్లో కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోలేక, పెద్దవాళ్ళకు రాత్రి బడి చెప్పే పిల్లను పగలే ఇంటికి పిలిపించుకుని అక్షరాలు దిద్దాను. అప్పటికే నా జుట్టు నెరుస్తోంది. ఆ కాలు విరక్కపోతే ఇవాళ ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు, ఆకుకట్టలు కట్టుకుంటూ ఉండేదాన్ని.

"అయితే నన్ను గూడ చదువుకొమ్మంటవా?" అన్నాడు.

"నీ మొకానికి చదువు ఎందుకు. మ్యాచ్ ఆడు అంటున్న."

"ఎట్ల ఆడుత?"

"ఆడకపోతే మా ఆడోళ్ళతోని కూసొని పేడ కలుపు. వేటకు పోని మొగోని పని అదే."

ఆ రాత్రి మాట అక్కడికి ఆగింది. మర్నాడు ఊరి కుర్రాళ్ళు ఇంటి ముందుకు వచ్చేశారు. "కాకా, నువ్వుంటె ఆ ఊరోళ్ళు పడవ ఎక్కరు," అన్నారు. మా ఆయన అందరికంటే ముందున్నాడు. మా మరిది వంకలు వెతకడం మొదలుపెట్టాడు. బంతిలో గాలి సరిగా లేదన్నాడు. గాలి కొట్టించుకొచ్చారు. స్తంభం వంగిందన్నాడు. తవ్వి మళ్ళీ పాతారు. వల జారిందన్నాడు. బిగించారు. గోదావరి మీద నుంచి గాలి అడ్డంగా వీస్తోందన్నాడు. ఒక కుర్రాడు ఒడ్డుకు వెళ్ళి వేలు తడిపి గాల్లో పెట్టి, "ఇప్పుడు తగ్గింది కాకా," అని చెప్పాడు. వాళ్ళకు ఇదంతా పెద్ద ఆటగాడి పట్టింపులా కనబడింది. అతను చెప్పిన ప్రతి వంకనూ పాఠంలా నేర్చుకున్నారు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. నా వైపు చూశాడు. నేను పేడ తట్ట ఎత్తి చూపించాను. వెళ్ళి నిక్కరు తొడుక్కున్నాడు.

ఎండాకాలం గోదావరి మధ్యలో తేలే ఇసుక మీద ఆట. అవతలి ఊరివాళ్ళు పడవలో వచ్చారు. పేడ కలిపే పని కోడళ్ళకు అప్పజెప్పి నేను చూడ్డానికి పోయాను. అవతలి జట్టులో అందరూ కుర్రాళ్ళే. మా మరిదిని వల దగ్గర చూసేసరికి వాళ్ళ ముఖాలు మారిపోయాయి. వీళ్ళు పుట్టకముందు నాటి ముక్కుల కథలు వినివున్నారు కదా.

ఆట మొదలైంది. మావాడు బంతి లేపితే మా మరిది పరిగెత్తి ఎగిరాడు. వాళ్ళలో ముగ్గురు అతనికి ఎదురుగా ఎగిరారు. మిగతా ముగ్గురూ ముక్కులు కాపాడుకుంటూ వెనక్కి జరిగారు. బంతి అతన్ని దాటి మా వైపే వల రెండో చివరకు పోయింది. అక్కడ మా కుర్రాడు ఖాళీలో కొట్టాడు. పాయింటు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. మా మరిది ఎగరడం, ఎడమ చెయ్యి ఊపడం, భయంకరంగా ముఖం పెట్టడం. బంతిని ముట్టుకోవడం మాత్రం లేదు. ఒకసారి బంతి పొరపాటున అతని మీదికే వస్తే, ఎడమ చేత్తో పిల్లి పిల్లను తోసినట్టు వల మీద నుంచి తోశాడు. అవతలివాళ్ళు అంత దూరం వెనక్కి పోయి ఉన్నారు, అందుకోవడానికి ఒక్కడూ లేడు. మొదటి ఆట మాదే. పాత పేరుతోనే గెలిచాం.

అవతలి ఊరి ముసలాయన ఒకడు ఇసుకలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఆయన ముక్కు నిజంగానే మా మరిది విరగ్గొట్టింది, నేను చూశాను. రెండో ఆట మధ్యలో చుట్ట తీసి మెల్లగా అన్నాడు, "వాని కుడి చెయ్యి చూడుండ్రిరా. దోమ వాలినా లేపుతలేడు."

అంతే. వాళ్ళు ముందుకు జరిగారు. మా మరిదిని ఖాళీగా వదిలేసి, రెండో చివర ఉన్న మా కుర్రాణ్ణి కాపు కాశారు. రెండో ఆట పోయింది.  మా కుర్రాళ్ళు అతని భుజం వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంటున్నారు. మా ఆయన ముఖం చూడలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది ఆయనకు, విత్తనాల దగ్గరి వినయం.

ఇక ఒడ్డెక్కి ట్రాలీ మాట్లాడుకుంటాడనుకున్నాను. పోలేదు. చేతుల ఇసుక దులుపుకుని వల దగ్గర నుంచి వెనక్కి నడిచి, అందరికంటే వెనక నిలబడ్డాడు. "మీదికెల్లి వచ్చే బంతి మీరు చూసుకోండ్రి. కింది బంతి నాది," అన్నాడు.

మూడో ఆటలో ఛాతీ కిందికి వచ్చిన బంతుల్ని రెండు ముంజేతులూ కలిపి లేపుతూనే ఉన్నాడు. ఇసుకలో బోర్లా పడ్డాడు, పొర్లాడు, నోట్లో ఇసుక ఉమ్మాడు. అతను లేపిన బంతుల్ని మా కుర్రాళ్ళు ఎగిరి ఎగిరి కొట్టి సగం గోదావరిలో పడేశారు. అప్పటిదాకా నాకు తట్టలేదు. మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ ఈయన కథ విని కొట్టడం ఒక్కటే నేర్చుకున్నాడు. కింద పడే బంతిని లేపడం ఒక్కడికీ రాదు. ఈ మనిషి మా ఊరికి ఇచ్చిపోయిన ఆస్తి ఇదీ. ఓడాం. కొద్దిలోనే ఓడాం, కానీ ఓడాం.

వంకర ముక్కు ముసలాయన లేచి వచ్చాడు. "నా ముక్కు పగలగొట్టిన చెయ్యి ఇదేనా?"

"ఇదే," అన్నాడు మా మరిది.

ముసలాయన భుజం నొక్కి చూశాడు. "మంచిగైంది నీకు," అన్నాడు. ఇద్దరూ అక్కడే నిలబడి చాలాసేపు నవ్వారు. వెళ్తూ తన చుట్ట సగం ఇచ్చిపోయాడు.

నేను అడ్డదారిన ముందుగా ఊళ్ళోకి వచ్చేశాను. బాట పక్కన కుండలు వరసగా ఉన్నాయి. కుర్రాళ్ళు తలలు వంచుకుని వచ్చారు. ఏడాది ఆకలి మా కోడళ్ళకు, ఒక్కొక్కణ్ణి నిలబెట్టి పోశారు. మా ఆయనకు కూడా పోశారు, ఆడకపోయినా. అరిచినందుకని చెప్పారు. చివరన మా మరిది వచ్చాడు.

కోడళ్ళు కుండలు దించేశారు. పక్కకు జరిగి దారి ఇచ్చారు. అప్పటికే కబురు అందింది వాళ్ళకు. "పెద్దాయనకు వద్దే, పాపం, చెయ్యి బాగలేదంట," అంది ఒకతె, మెల్లగానే అంది.

అతను విన్నాడు. దారి ఖాళీగా ఉన్నా నడవలేదు. అక్కడే నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడకుండా నేల వైపు చూస్తున్నాడు. దీపాల కిటికీ వెనక అతను ఎలా కూర్చునేవాడో అప్పుడు తెలిసింది నాకు.

అన్నిట్లోకి పెద్ద కుండ ఎత్తుకున్నాను. ఎదురుగా వెళ్ళాను.

"లోకమంత గెలిచి వచ్చి సొంతూళ్ళె ఓడినవా మరిదీ," అని పాట ఎత్తుకుని కుండ మొత్తం నెత్తి మీద బోర్లించాను.

 మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమే, నీకేమన్న పిచ్చా? వాని భుజం సంగతి తెల్సు గద."

"భుజం మీద పోస్తినా? నెత్తి మీద పోసిన," అన్నాను.

పేడనీళ్ళు కారుతున్న ముఖంతో మా మరిది కోడళ్ళ వైపు తిరిగాడు. "ఏందే చూస్తున్నరు? ఓడినోణ్ణి నేను గూడ గద," అన్నాడు. ఇక ఆపేవాళ్ళు లేరు. మిగిలిన కుండలన్నీ అతని మీదే ఖాళీ అయ్యాయి. పాట అందుకున్నారు, బూతులు కూడా కలిపారు, అవి ఇక్కడ రాయను. అతను మధ్యలో నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తి, కుడి చెయ్యి లేచినంత మట్టుకు లేపి, తాడు దగ్గర ఆడాల్సిన ఆట అప్పుడు ఆడాడు.

తర్వాత బావి దగ్గర కూర్చున్నాడు. ఒంటి మీద పేడ ఎండుతోంది. బొక్కెన రెండు చేతులా ఎత్తి చూశాడు, నెత్తి దాకా రాలేదు.

"వదినా, నువ్వే పొయ్యి."

మెడ వంచాడు. ఈసారి వినయం అని ఎవరూ అనలేదు. నేను నీళ్ళు చేది పోస్తున్నాను.

"మన పిల్లలకు కింది బంతి అస్సలు రాదు," అన్నాడు నీళ్ళలో నుంచే. "నన్ను చూసి చెడిపోయిండ్రు. వచ్చే పండుగ దాక నేర్పాలె. పొద్దున్నే పంపియ్యి."

"మరి ట్రాలీ?"

"ఏ ట్రాలీ?" అన్నాడు.

ఇంకో బొక్కెన పోశాను.